ముగ్గురు ముసలమ్మలు, మూడు సమీకరణాలు

పదహారు, పదిహేడేళ్ల వయసులో ఏ విద్య కొత్తగా వంటబడితే ఆ విద్యతో లోకంలోని చిక్కులన్నీ విడిపోతాయనిపిస్తుంది. మా చిన్నబాపుకు, అంటే బాబాయికి, ఆ వయసులో కరెంటు పని వంటబట్టింది. దాని ఫలితంగా మా ఇంట్లో చాలాకాలం ఫ్యాను స్విచ్చి వేస్తే వరండాలో బల్బు వెలిగేది. నాకు ఇంటర్ మొదటి సంవత్సరంలో సమీకరణాలు వంటబట్టాయి. మా లెక్కల సారు వాక్యానికొకసారి 'కనుక' అనేవారు కనుక ఆయన్ని మేం కనుక సార్ అనేవాళ్లం. (హాజరు పిలిచేటప్పుడు కూడా "నలభై రెండు రాలేదు, కనుక నలభై మూడు" అనేవారు.) ఆయన బోర్డు మీద ఎక్స్, వై, జెడ్ అని మూడు తెలియని రాశులు రాసి, మూడు సమీకరణాలు ఇచ్చి, నిర్ధారకాలు కట్టి, పావుగంటలో మూడింటి గుట్టూ బయటపెడుతుంటే నాకు ఒళ్లు పులకరించేది. మూడు తెలియనివి ఉంటే మూడు మాటలు తెలిస్తే చాలు, అంతే కదా అనుకునేదాన్ని. ఆ 'అంతే కదా' నన్ను జగిత్యాల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి సిరిసిల్లకు తిప్పి, చివరికి మా బాపు వయసు మా బాపుకే తెలియకుండా చేసింది.

మేం జగిత్యాలలో ఒక పెద్దావిడ ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. ఆవిడ పైన ఉండేది. నేను దాదీ అని పిలిచేదాన్ని, మా అమ్మానాన్నలు ఖాలా అనేవాళ్లు. జగిత్యాలలో ఒక తరం పెళ్లికూతుళ్ల జాకెట్లు ఆవిడ చేతి కత్తిరింపే. మా అమ్మ పెళ్లయి వచ్చిన కొత్తలో ఆవిడ దగ్గరే కుట్టుపని నేర్చుకుంది. తన చూపు మందగించాక ఒకరోజు దాదీ, "బేటీ, ముందల గది ఖాళీ చేసిస్త, దుకాణం పెట్టు. ఎన్ని రోజులు గీ మంచం పక్కన మిషిను పెట్టుకొని కుడుతవ్" అంది. అమ్మకు ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక అది. గదికి సున్నం వేశారు, బోర్డు రాయించారు, వచ్చే శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ప్రారంభం అనుకున్నారు. ఎర్ర శాటిన్ రిబ్బను రెండు మీటర్లు అమ్మే కొనుక్కొచ్చింది.

మా బాపు, అంటే నాన్న, మోటార్లకు వైండింగు పని చేసేవాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. ఆయనకున్న ఒకే ఒక జబ్బు, ఎవరికీ కాదని చెప్పలేకపోవడం. సిరిసిల్ల నుంచి నాయినమ్మ ఫోన్ చేసి, "కోడలి దుకాణానికి రిబ్బను నేనే గద కత్తిరిచ్చేది" అంది. బాపు "అవునే అమ్మా" అన్నాడు. కోరుట్ల నుంచి అమ్మమ్మ ఫోన్ చేసి, "బిడ్డ దుకాణం, నేను కాకుంటె ఇంకెవరు చేస్తరు?" అంది. బాపు "అవునత్తా" అన్నాడు. మెట్ల మీద దాదీ ఎదురై, "రిబ్బనుకు ఖైంచీ నాదే తెస్త, నువ్వు కత్తెర కొనకు" అంది. బాపు "అట్లనే ఖాలా" అన్నాడు. మూడు అవునులూ ఒక్క సాయంత్రంలోనే అమ్మ చెవినబడ్డాయి.

"ముగ్గురికీ మాటిచ్చినవ్. రిబ్బను ఒక్కటే ఉన్నది" అంది అమ్మ.

బాపు, "ముగ్గురిల ఎవరు పెద్దామెనో ఆమెతోని చేయిద్దాం. పెద్దామె అంటె ఎవ్వరు కాదనరు" అన్నాడు. చాలా న్యాయంగానే ఉంది. కాకపోతే ముగ్గురిలో ఎవరు పెద్దో ఎవరికీ తెలియదు. కార్డులున్నాయి కదా అని మీరనవచ్చు. చూశాం. నాయినమ్మకున్న రెండు కార్డుల్లో రెండు వయసులున్నాయి. రెండూ ఆవిడ నోటితో చెప్పి రాయించుకున్నవే, మధ్య తేడా ఆరేళ్లు. అమ్మమ్మ తన కార్డు ఎక్కడ పెట్టిందో గుర్తు లేదంది. దాదీని అడిగితే, "ఔరతుల వయసు ఎవరన్న అడుగుతరా?" అని నవ్వి తలుపేసుకుంది.

అప్పుడు నేను కల్పించుకున్నాను. "లెక్క చేస్తె తేలుతది బాపూ. తెలియనివి మూడు, ముగ్గురి దగ్గర ఒక్కొక్క మాట తీసుకుంట. చాలు." బాపు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను, ఇంట్లో ఒక శాస్త్రవేత్త పుట్టిందన్నట్టు చూశాడు. అమ్మ మాత్రం గుడ్డ మీద సుద్దతో గీత గీసుకుంటూ, "నన్నడిగితె..." అని ఏదో అనబోయింది. మేం అడగలేదు.

ఎందుకు అడుగుతున్నానో ముగ్గురికీ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున కోరుట్ల బస్సెక్కాను. అమ్మమ్మ వరండాలో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆవిడ చేతులు వాటంతటవే పని చేసేవి, నోరు వేరే పనిలో ఉండేది. దాదీ పుట్టిల్లు కూడా కోరుట్లే, అమ్మమ్మ వాళ్ల గల్లీలోనే. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. (మాకు ఆ ఇల్లు అద్దెకు దొరికింది కూడా ఆ స్నేహం వల్లే.) అందుకని మాటల్లో పెట్టి, "అమ్మమ్మా, దాదీ నీకంటె పెద్దదా, చిన్నదా?" అన్నాను.

"అయ్యో, గామె నాకంటె ఐదేండ్లు పెద్దది. నేను లంగ ఏసుకొని తిరిగేటప్పుడే గామె పెద్ద మనిషి లెక్క ఉండె. ఎందుకు బిడ్డా?"

"ఊకెనే" అని నోట్సులో రాసుకున్నాను. దాదీ సమానం అమ్మమ్మ ప్లస్ ఐదు. అక్కణ్నుంచి సిరిసిల్ల బస్సెక్కి, చందుర్తి దాటేదాకా ఆ ఒక్క సమీకరణాన్నే మురిపెంగా చూసుకుంటూ కూర్చున్నాను.

నాయినమ్మ ఉండే వీధిలో ఇంటింటికీ సాంచెలు, అంటే మరమగ్గాలు. పొద్దంతా ఆ చప్పుడులో బతికి బతికి ఆవిడ గుసగుస చెప్పినా వీధి చివరకు వినబడేది. "నాయినమ్మా, అమ్మమ్మకూ నీకూ వయసుల ఎంత తేడా ఉంటది?" అని మెల్లగా అడిగాను. "మీ అమ్మమ్మనా? నాకంటె మూడేండ్లు పెద్దది గదా" అని ఆవిడ సాంచెల చప్పుడును మించి చెప్పింది. పక్కింటివాళ్లు తలుపులోంచి తొంగిచూసి, ఔనన్నట్టు తలలూపారు. అమ్మమ్మ సమానం నాయినమ్మ ప్లస్ మూడు.

సాయంత్రానికి జగిత్యాల చేరి మేడెక్కాను. నాయినమ్మ వయసు సంగతి ఎత్తగానే దాదీ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "సిరిసిల్ల అమ్మ బడీ ఔరత్ బేటీ. నాకంటె రెండేండ్లు పెద్దనే ఉంటది, తక్కువుండదు" అంది. నాయినమ్మ సమానం దాదీ ప్లస్ రెండు. మూడు తెలియనివి, మూడు సమీకరణాలు. ఇంటిల్లిపాదినీ పిలిచి కూర్చోబెట్టి, బాపు పాత క్యాలెండరు వెనకవైపు పెద్ద అక్షరాలతో లెక్క మొదలుపెట్టాను. నిర్ధారకం కడితే సున్నా వచ్చింది. మళ్లీ కట్టాను. మళ్లీ సున్నా. సరే అని ఒకదాంట్లో ఒకటి ప్రతిక్షేపిస్తూ పోయాను. నాయినమ్మ వయసు ఈజీక్వల్టూ నాయినమ్మ వయసు ప్లస్ పది అని తేలింది. రెండు పక్కలా నాయినమ్మను కొట్టేస్తే సున్నా సమానం పది.

బాపు క్యాలెండరు మీదకు వంగాడు. "అంటె ఎవరు పెద్ద?"

"ముగ్గురూ ముగ్గురికంటె పెద్దనే" అంది అమ్మ, దారం తెంపుతూ.

మర్నాడు కాలేజీలో కనుక సార్‌కు చూపించాను, మనుషుల సంగతి చెప్పకుండా. ఆయన ఒక్క చూపులో తేల్చేశారు. "ఇది అసంగత వ్యవస్థ. కనుక సాధన లేదు. ఎవరమ్మా ఇచ్చింది నీకీ లెక్క?" "ముగ్గురు పెద్దవాళ్లు సార్" అన్నాను. "కనుక వాళ్లను నమ్మకు" అన్నారు.

ఈలోగా జరగకూడనిది జరిగిపోయింది. నాయినమ్మ ఫోన్ చేసి, "పిల్ల ఎందుకు వయసు అడిగిపోయింది?" అని నిలదీస్తే బాపు అబద్ధమాడలేక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దామె ఎవరైతే ఆమెదే రిబ్బను అని. ఆ కబురు సిరిసిల్ల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి మా మేడ మీదకు చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆ రాత్రి నాకు మూడు సవరణలు అందాయి. నాయినమ్మ అమ్మమ్మకంటే తానే రెండేళ్లు పెద్దదంది. అమ్మమ్మ దాదీకంటే తానే నాలుగేళ్లు పెద్దదంది. ("మొన్న ఐదేండ్లు చిన్న అన్నవు గదా?" అంటే, "మొన్న బీడీలు చుట్టుకుంట చెప్పిన, గది లెక్కకు రాదు" అంది.) దాదీ తానే నాయినమ్మకంటే మూడేళ్లు పెద్దదంది. నేను ఆశ చావక మళ్లీ లెక్క కట్టాను. ఈసారి సున్నా సమానం తొమ్మిది వచ్చింది. మొదటిసారికంటే ఒకటి తగ్గింది కదా అని కాస్త ధైర్యం తెచ్చుకున్నానంటే, నా మీద నాకు ఎంత నమ్మకముండేదో మీరే అర్థం చేసుకోండి.

బుధవారం దాకా పట్టువదల్లేదు. ముసలమ్మల నోటి మాట కాకుండా సాక్ష్యాల కోసం వెతికాను. బాపు అన్నాడు: "నేను పుట్టినప్పుడు అమ్మకు పంతొమ్మిది. మా తాత ఎప్పటికీ అంటుండె." బాపుకు సర్టిఫికెట్ ప్రకారం నలభై మూడు కనుక నాయినమ్మకు అరవై రెండు. ఇంకొకటి, అమ్మానాన్నల పెళ్లిలో తీసిన ఫొటో దగ్గర అమ్మమ్మ భర్త, అంటే మా తాత వేసిన హాస్యం: "వియ్యపురాండ్లు ఇద్దరి వయసు కలిపితె తొంబై, ఇద్దరి కోపం కలిపితె నూరు." ఆ మాట పెళ్లికి వచ్చినవాళ్లందరికీ గుర్తుంది. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. నేను తొంభైకి పద్దెనిమిది కలిపి, నూట ఎనిమిదిలోంచి నాయినమ్మ అరవై రెండు తీసేసి, అమ్మమ్మకు నలభై ఆరు అని ప్రకటించాను. అమ్మ మొదటిసారి కత్తెర కిందపెట్టింది. "నాకు ముప్పై తొమ్మిది. ఏడేండ్లకే నన్ను కన్నదా మా అమ్మ?"

పద్దెనిమిదేళ్లు ఇద్దరికీ గడిచాయని, రెండుసార్లు కలపాలని నాకు తట్టేదాకా ఒక పూట అన్నం సహించలేదు. దిద్దుకున్నాను. కలిపితే నూట ఇరవై ఆరు. కనుక అమ్మమ్మకు అరవై నాలుగు. దాదీ మాటల మధ్యలో ఒకసారి తనంతట తానే, "మీ అమ్మమ్మ షాదీ నాటికి నాకు పదహారు, ఆమెకు పధ్నాలుగు" అని నోరుజారింది. కనుక దాదీకి అరవై ఆరు. అరవై రెండు, అరవై నాలుగు, అరవై ఆరు. ఏకైక సాధన. చుట్టూ డబ్బా గీసి, కింద రెండు గీతలు కొట్టాను. అంత అందమైన జవాబు నేను పరీక్షలో కూడా ఎప్పుడూ రాయలేదు. బాపు సంతోషం పట్టలేక వెంటనే సిరిసిల్లకు ఫోన్ చేశాడు.

"ఏంది, నాకు అరవై రెండా? ఎట్ల?" గదిలో ఆ మూల కూర్చున్న నాకు కూడా నాయినమ్మ మాట వినబడింది.

"నాకు నలభై మూడు గదనే. నేను పుట్టినప్పుడు నీకు పంతొమ్మిది."

"నీకు నలభై మూడని ఎవరు చెప్పిండ్రురా?"

"సర్టిఫికెట్ల ఉన్నది."

"బడిల ఏసెటప్పుడు సారు అడిగితె ఐదేండ్లన్న. నువ్వు ఐదున్నవో, ఏడున్నవో, నాకేమెరుక. మా పక్కింటి పిలగాడు ఐదన్నడు, నేను గదే అన్న."

బాపు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నావైపు తిరిగాడు. ఆయన ముఖంలో శాస్త్రవేత్తను చూసిన కళ లేదు. "బిడ్డా, మరి నా వయసెంత?" అన్నాడు. ఒక సమీకరణం సంపాదిస్తే దాని వెంట ఇంకో తెలియని రాశి వస్తోంది. మూడు నాలుగయ్యాయి. అమ్మను కూడా బడిలో అట్లాగే వేశారని ఆ రాత్రి బయటపడింది. ఐదయ్యాయి. నేను క్యాలెండరు చుట్టేసి అటక మీదకు విసిరేశాను. అటు నాయినమ్మ, "నన్ను చిన్నదాన్ని చేసిండ్రు, నేను రాను" అని ఫోన్ పెట్టేసింది. అది విని అమ్మమ్మ కూడా, "గామె రాకుంటె నేనొచ్చి గెలిచిన గెలుపు గెలుపయితదా? నేను గూడ రాను" అంది. బాపు ఆ రాత్రి అన్నం తినలేదు. అమ్మ రిబ్బనుకు రెండు చివర్లూ మడతపెట్టి కుట్టుకుంది. అన్నీ నా లెక్క వల్లనే. అమ్మ ఇన్నాళ్లుగా ఎదురుచూసిన రోజును నేనే చెడగొట్టానన్న సంగతి అప్పుడు తెలిసింది. దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

కానీ రానన్నవాళ్లు రాకుండా ఉంటారా? శుక్రవారం ఎనిమిదిన్నరకు మొదటి బస్సులో అమ్మమ్మ దిగింది. పావుగంటకు నాయినమ్మ దిగింది. మేడ మెట్ల మీంచి దాదీ దిగింది. గడపకు అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బను ముందు ముగ్గురూ నిలబడి, ఒకరిని చూసి ఒకరు కొంగు చాటునుంచి కత్తెరలు తీశారు. అమ్మమ్మది బీడీ ఆకు కత్తిరించే కత్తెర. నాయినమ్మది సాంచెల మీద పోగులు తెంపే చిన్న కత్తెర. దాదీది జానెడున్నర నల్ల ఇనుప ఖైంచీ. బాపు అగరుబత్తి వెలిగించడంలో చాలా తలమునకలుగా ఉన్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు. తొమ్మిదయింది. తొమ్మిదింబావయింది. వీధిలోవాళ్లు పదిమంది చేరారు. ముగ్గురూ వయసుల గురించే, కానీ ఇప్పుడు మర్యాదగా వాదించుకుంటున్నారు.

"మీరే పెద్దవాళ్లు, కానీ నాకంటె కాదు" అంది అమ్మమ్మ.

"పిల్ల లెక్క చేసింది. నాకు అరవై ఆరు" అంది దాదీ.

"గా పిల్లకు లెక్కలు వస్తె సంగతి గింత దూరం ఎందుకొస్తది" అంది నాయినమ్మ. ఆ మాట మా గల్లీ మొత్తానికి వినబడింది. నేను తలుపు వెనక్కి జరిగాను.

సరిగ్గా అప్పుడే బుగ్గారం నుంచి ఒక అక్క ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో సంచి. "జాకెట్ కుట్టేది ఇక్కడేనా అక్కా? పన్నెండింటికి మా చెల్లె పెండ్లి. పెండ్లిపిల్ల జాకెట్ చంకల పట్టేస్తున్నది, ఎక్కుతలేదు" అంది. కళ్లలో నీళ్లున్నాయి. అమ్మ మమ్మల్నెవరినీ చూడలేదు. రిబ్బను ఒక చేత్తో పైకెత్తి, "రా అక్కా, వంగు, జర్ర పైలం" అని ఆవిడను లోపలికి తీసుకుపోయింది. నిమిషంలో మిషిను చప్పుడు మొదలైంది.

బయట ముగ్గురూ కత్తెరలతో అట్లాగే నిలబడ్డారు. మొదట దాదీకి ఆగలేదు. "చంకల ఎంత ఇప్పుతున్నవ్ బేటీ, ఎక్కువ ఇప్పకు, చినుగుతది" అంటూ రిబ్బను కింద నుంచి వంగి లోపలికి పోయింది. తర్వాత నాయినమ్మ, "దారం నేనెక్కిస్త" అంటూ దూరింది. అమ్మమ్మ చివరికి మోకాళ్లు పట్టుకుని వంగి, లోపల కూర్చుని హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది. బీడీలు చుట్టిన చేతులు కదా, హుక్కుకు అరనిమిషం పట్టేది. నలుగురి తలలూ ఒక్క జాకెట్ మీద వంగి ఉన్నాయి. పదకొండింటికల్లా పని దాదాపు అయిపోయింది, వీపు మీద కట్టుకునే తాడు ఒక్కటి తప్ప. పాతది పీలికలైపోయింది. జాకెట్ ఎరుపు. అమ్మ డబ్బాలన్నీ వెతికింది, ఎర్రది లేదు. చుట్టూ చూసి, లేచి గడప దగ్గరకు వచ్చి, తన కత్తెరతో రిబ్బను ఇటొకసారి అటొకసారి టక్కుమని కత్తిరించి, మూర కొలుచుకుంటూ మళ్లీ మిషిను మీద కూర్చుంది.

బాపు ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టాడో ముసలమ్మలకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కొంగులు నోటికడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. మధ్యాహ్నం నాయినమ్మ నన్ను పిలిచి తన పళ్లెంలోని సేమియా సగం నాకు పెట్టింది.

ఆ ముగ్గురిలో ఎవరు పెద్దో ఈనాటికీ తేలలేదు. రెండేళ్ల కింద నాయినమ్మ పోయినప్పుడు, కాగితం మీద వయసు రాయాల్సి వచ్చి బాపు పెన్ను పట్టుకుని నావైపు చూశాడు. "బిడ్డా, అమ్మకు ఎంత రాయాలె?" నేను తప్పని తెలిసిన నా పాత జవాబుకే గడిచిన ఏళ్లు కలిపి ఒక అంకె చెప్పాను. పక్కనే గోడకానుకుని కూర్చున్న అమ్మమ్మ కళ్లు తుడుచుకుంటూ, "గంతనే, నాకంటె రెండేండ్లు తక్కువనే రాయిండ్రి. రిబ్బను కొట్లాట లేనప్పుడు గామెకు గట్లంటేనే ఇష్టముండె" అంది. బాపు అట్లాగే రాశాడు.

ఇప్పుడు నేను సిరిసిల్లలో ఒక జూనియర్ కాలేజీలో అవే మూడు తెలియని రాశుల పాఠం చెబుతున్నాను. మొన్నీమధ్య ముత్యంపేట నుంచి ఒకమ్మాయి కొత్తగా ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరింది. టీ తాగుతూ మాటల మధ్య, "మేడమ్, మీకూ నాకూ ఎన్నేండ్ల తేడా ఉంటది?" అని అడిగింది. తేడా ఏడేళ్లు. అది నాకు బాగా తెలుసు, ఆ అమ్మాయి దరఖాస్తు నా చేతుల మీదుగానే పోయింది. "ఏముంటది, ఒకటో రెండో" అన్నాను. ఆ పిల్ల నమ్మినట్టే తలూపింది. నేను ఖాళీ కప్పు కడిగే వంకతో గబగబా లేచి అటు తిరిగాను.